మొరాయించిన డిజిటల్ రేడియో: బాగుచేసుకోవడం ఎలా, మార్చేయాల్సింది ఎప్పుడు

"నాన్నగారి రేడియో ఆన్ అవుతోంది, నంబర్లు కనిపిస్తున్నాయి, శబ్దం మాత్రం రావడం లేదు. ఎస్‌పీ రోడ్డులో ఎవరికివ్వాలి?" బెంగళూరులో ఉంటున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది (ఎస్‌పీ రోడ్డంటే ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు). ఎవరికీ ఇవ్వక్కర్లేదు, ముందు ఇయర్‌ఫోన్ పిన్ను ఓ ఇరవై సార్లు గుచ్చి తీయండి అని చెబుతాను. చాలామంది కాసేపటికే "మోగుతోందండీ" అని ఫోన్ చేస్తారు.

కారణం చిన్నదే. ఇయర్‌ఫోన్ పెట్టగానే స్పీకర్‌ను ఆపేసే సన్నటి రేకు ఒకటి ఆ రంధ్రం లోపల ఉంటుంది. దానికి మకిలి పట్టి అతుక్కోకపోతే, ఇయర్‌ఫోన్ ఇంకా పెట్టే ఉన్నట్టు స్పీకర్ మూగబోతుంది.

ఈ మార్గదర్శి మొత్తానికీ ఆధారం ఇదే. రేడియోలో చిప్పు అంత తేలిగ్గా ముసలిదవదు. చెయ్యి, గాలి, తడి, వేడి తగిలే భాగాలే ముందు పోతాయి. కాబట్టి వెతుకులాట బయటి నుంచి లోపలికి సాగాలి. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోవడం నాలుగో మెట్టు.

1. మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోండి

"డిజిటల్ రేడియో" అని మనం నాలుగు వేర్వేరు వస్తువుల్ని అంటున్నాం. చికిత్స కూడా వేర్వేరే.

- నంబర్లు చూపించే మామూలు రేడియో: ఎఫ్ఎం, మీడియం వేవ్, కొన్నింట్లో షార్ట్ వేవ్. ప్రసారం అనలాగే, ట్యూనింగ్ మాత్రం డిజిటల్. మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ఇవే.
- డీఆర్‌ఎం రేడియో: ఆకాశవాణి మీడియం వేవ్‌లో చేసే డిజిటల్ ప్రసారాలు పట్టేది. కొన్ని కార్లలో కూడా ఉంటుంది.
- డీఏబీ రేడియో: లండన్ నుంచో యూరప్ నుంచో చుట్టాలు తెచ్చేది, అక్కడి డిజిటల్ ప్రసారాలు పట్టేది. మన దేశంలో డీఏబీ ప్రసారాలు లేవు. "స్టేషన్లు లేవు" అని చూపిస్తే అది చెడిపోయినట్టు కాదు. ఎఫ్ఎంకి మార్చి చూడండి.
- ఇంటర్నెట్ రేడియో: వైఫైతో నడిచేది. లోపల అన్నీ బాగున్నా, స్టేషన్ల జాబితా అందించే సేవ ఆగిపోతే ఇది మూగబోతుంది. రెసివా సేవ 2021లో మూతపడినప్పుడు దాని మీద ఆధారపడ్డ సెట్లకు ఇదే జరిగింది. సోల్డరింగ్‌తో నయమయ్యే జబ్బు కాదిది.

జపాన్ నుంచి వచ్చిన పాత సెట్టయితే ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉండొచ్చు. బెంగళూరు రెయిన్‌బో 101.3, వివిధభారతి 102.9. దాన్ని విప్పి ప్రయోజనం లేదు.

2. సామాను సిద్ధం చేసుకోండి

- మామూలు డిజిటల్ మల్టీమీటర్
- 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సోల్డర్, ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి పూసేది), సోల్డర్ పీల్చే పంపు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్, చెవికి వాడే దూది పుల్లలు
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే
- చిన్న స్టార్ స్క్రూడ్రైవర్లు, పాత ఏటీఎం కార్డు (మూత తెరవడానికి)
- కొత్త సెల్లు ఒక జత
- కోడిగుడ్ల అట్ట. ఏ గుంటలో ఏ స్క్రూ వేశామో గుర్తుండటానికి దీన్ని మించింది నాకు దొరకలేదు.

తుప్పు వదిలించే మామూలు స్ప్రే, కాంటాక్ట్ క్లీనర్ ఒకటి కావు. మొదటిది జిడ్డు వదిలేస్తుంది. నెల తిరిగేసరికి ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని గరగర ఇంకా పెరుగుతుంది.

3. విప్పకుండానే చేయాల్సిన పరీక్షలు

ఈ మెట్టు దాటేయకండి. నా అనుభవంలో సగానికి సగం సెట్లు ఇక్కడే లేచి కూర్చున్నాయి. కింది వరసలోనే చేయండి.

1. అన్నీ ఒకే రకం కొత్త సెల్లు వేయండి. పాతవీ కొత్తవీ కలిపి వేయకండి.
2. లాక్ లేదా హోల్డ్ బటన్ చూడండి. డిస్‌ప్లేలో తాళం బొమ్మ ఉంటే ఏ బటన్ నొక్కినా సెట్టు పలకదు.
3. ఇయర్‌ఫోన్ పెట్టి వినండి. అందులో వినిపించి స్పీకర్లో రాకపోతే తప్పు ఆ రంధ్రంలోనో, స్పీకర్ తీగలోనో ఉంది.
4. రీసెట్ రంధ్రం ఉంటే పేపర్ క్లిప్‌తో నొక్కండి. లేకపోతే సెల్లు, అడాప్టర్ రెండూ తీసి ఒక రాత్రంతా వదిలేయండి.
5. అడాప్టర్ పీకేసి సెల్లతో వినండి. హోరు పోయిందంటే దోషం అడాప్టర్‌ది.
6. సెట్టును టెర్రస్ మీదకి తీసుకెళ్లి వినండి.

ఆరోది ఎందుకో చెబుతాను. మా అత్తగారిది ప్రొద్దుటూరు. బెంగళూరు కేఆర్ పురంలో మా ఇంటికొచ్చినా రాత్రిపూట కడప స్టేషన్, అదే 900 కిలోహెర్ట్జ్, వినకపోతే ఆమెకు నిద్ర పట్టదు. ఒకసారి "కడప రావడం లేదు నాయనా, రేడియో పాడైపోయినట్టుంది" అన్నారు. చూస్తే నిండా బర్రుమనే మోత. సెట్టు తీసుకుని టెర్రస్ ఎక్కాను. కడప శుభ్రంగా పలికింది. కిందికొచ్చి లైట్లు ఒక్కొక్కటే ఆపుతూ పోతే, హాల్లో ఆ వారమే బిగించిన ఎల్ఈడీ ట్యూబ్ దగ్గర మోత ఆగింది. చౌక ఎల్ఈడీ లైట్ల లోపలి సర్క్యూట్లు, మొబైల్ చార్జర్లు మీడియం వేవ్‌ను ఇలా ముంచేస్తాయి. ట్యూబ్ మార్చాం, రేడియో జోలికే వెళ్లలేదు.

ఇంకో విచిత్రం కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ మెట్లలో ఉంటాయి, అమెరికాలో 10. చాలా డిజిటల్ సెట్లలో రెండూ ఉంటాయి. రీసెట్ చేసినా, సెల్లు ఎక్కువ కాలం తీసేసినా కొన్ని సెట్లు 10కి మారిపోతాయి. అప్పుడు హైదరాబాద్ 738 బదులు 740, విజయవాడ 837 బదులు 840 చూపిస్తాయి. శబ్దం గీరుకుపోయినట్టు వస్తుంది. 900 మాత్రం తొమ్మిదితోనూ, పదితోనూ భాగింపబడుతుంది కాబట్టి కడప బాగానే వస్తుంది! "కడప వస్తోంది, హైదరాబాద్ రావడం లేదు" అని ఎవరైనా అంటే ముందు ఈ సెట్టింగ్ చూడమంటాను.

4. విప్పడం

వారంటీ ఉంటే ఆగండి. సీల్ చించితే ఆ హక్కు పోవచ్చు.

కరెంటు ప్లగ్ నేరుగా ఉన్న సెట్టయితే ప్లగ్ పీకాకే ముట్టుకోవాలి. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ లేని ఎస్‌ఎంపీఎస్ (కరెంటును వేగంగా స్విచ్ చేసి వోల్టేజీ తగ్గించే) సప్లైలో పెద్ద కండెన్సర్ (కరెంటును నిలవ ఉంచుకునే భాగం) దగ్గర 325 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉండొచ్చు. ఆ పనిలో చెయ్యి తిరగనివాళ్లు ఆ భాగం తెరవకండి. సెల్లతో నడిచే సెట్లలో ఈ భయం లేదు.

- ప్రతి అడుగులో ఫోన్‌తో ఫొటో తీయండి.
- సెల్ పెట్టె లోపల, స్టిక్కర్ కింద, రబ్బరు కాళ్ల కింద దాక్కున్న స్క్రూలు వెతకండి.
- మూత రానప్పుడు బలం వాడకండి. ఇంకో స్క్రూ ఎక్కడో ఉందన్నమాటే.
- తెరిచేటప్పుడు వేలెడు సందు మాత్రమే చేసి, లోపలి తీగలు ఎటు పోతున్నాయో టార్చ్ వేసి చూడండి.

ఆఖరిది నేను నష్టపోయి నేర్చుకున్నాను. తొందరలో వెనక మూత ఒక్క లాగు లాగితే స్పీకర్ తీగ బోర్డు మీది రాగి పట్టీతో సహా ఊడి వచ్చింది. దాన్ని ఇంకో చోటినుంచి కలిపే పనికి ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. అసలు జబ్బు చూస్తే సెల్ స్ప్రింగు మీద చిలుము, అంతే.

5. పవర్ వైపు

సెల్ పెట్టె: స్ప్రింగుల మీద తెల్లటి పొడి, పచ్చటి చిలుము ఉంటే మొదటి దొంగ దొరికినట్టే. కారింది ఆల్కలైన్ సెల్లయితే అది క్షారం. దూది పుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి అద్దండి. మామూలు జింక్ సెల్లయితే ఆమ్ల గుణం. వంటసోడా నీళ్లు చాలు. రెండు సందర్భాల్లోనూ చివర ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. స్ప్రింగు వెనక తీగ అతుకు కూడా చూడండి. పైకి మెరుస్తున్నా వెనక తీగ నల్లబడి పొడిపొడిగా ఉంటుంది. ఆ ముక్క కత్తిరించి కొత్త తీగ అతికించండి.

లిథియం బ్యాటరీ: చాలా చిన్న సెట్లలో పాత నోకియా ఫోన్ల బీఎల్-5సీ రకమో, 18650 అనే గుండ్రటి సెల్లో ఉంటుంది. ఉబ్బిందంటే ఇక వాడకూడదు, గుచ్చకూడదు, మళ్లీ చార్జ్ పెట్టకూడదు. 18650 మార్చేటప్పుడు సెల్ మీద నేరుగా సోల్డర్ చేయకండి, ఆ వేడికి లోపల దెబ్బతింటుంది. హోల్డర్ వాడండి, లేదా పట్టీలు వెల్డ్ చేసిన సెల్లు తెచ్చుకోండి. ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకోండి.

అడాప్టర్: పిన్ను పట్టినంత మాత్రాన అది మీ సెట్టు అడాప్టర్ అయిపోదు. మూడు చూడాలి.

- వోల్టేజీ సెట్టు మీద రాసినంతే ఉండాలి.
- ఆంపియర్లు సరిసమానం లేదా ఎక్కువ ఉండాలి.
- నడిమి పిన్ను ప్లస్సా మైనస్సా అన్న గుర్తు రెండింటి మీదా కలవాలి.

పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లు లోడు లేనప్పుడు 9 అని రాసి ఉన్నా 12, 13 వోల్టులు చూపించొచ్చు. దానికి టెన్షన్ పడకండి. సెట్టు మోగుతున్నప్పుడు కొలవండి.

6. కండెన్సర్లు

ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ లోపల ద్రవం ఉంటుంది, అది ఏళ్ల తరబడి ఆరిపోతూ ఉంటుంది. రేడియో వయసంటే దాదాపు దీని వయసే. ఇలా గుర్తుపట్టండి:

- పైభాగం ఉబ్బడం, కింద గోధుమరంగు మరక
- కరెంటు మీద "బుమ్‌మ్" అనే హమ్
- వాల్యూం పెంచగానే డిస్‌ప్లే మసకబారడం, సెట్టు ఆగి మళ్లీ ఆన్ అవడం
- పొద్దున్నే ఆన్ చేస్తే నీరసంగా ఉండి, వేడెక్కాక బాగవడం

మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి. వోల్టేజీ ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. 105 డిగ్రీల రకమే అడగండి. ఎత్తు, లావు కొలుచుకుని వెళ్లకపోతే మూత పట్టదు. తెల్ల చార ఉన్న కాలు మైనస్. ఒకటి తీసి, ఒకటి పెట్టి, తర్వాతే రెండోది తీయండి. అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో ఫొటో చూసినా తికమకే.

ఇప్పుడు లెక్క. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని ఉన్న కండెన్సర్ ఆయుష్షు, వేడి 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ సుమారు రెట్టింపవుతుంది. సెట్టు లోపల 45 డిగ్రీలు ఉంటే నాలుగు రెట్టింపులు, అంటే 32,000 గంటలు. రోజుకు నాలుగు గంటలు వింటే దాదాపు 22 ఏళ్లు. అదే సెట్టు పొయ్యి పక్కన షెల్ఫ్‌లో 55 డిగ్రీల్లో ఉంటే 11 ఏళ్లే. రేడియో ఆపేసినా అడాప్టర్ గోడకే వేలాడుతూ 24 గంటలూ 45 డిగ్రీల్లో ఉంటే, దాని లోపలి కండెన్సర్‌కు అదే లెక్కన మూడున్నర ఏళ్లు చిల్లర. ఇవి అంచనాలే, కానీ రేడియో కన్నా అడాప్టర్లే ముందు ఎందుకు పోతాయో తెలుస్తుంది. వినడం అయ్యాక గోడ స్విచ్ ఆపేయండి.

అలాగని బీరువాలో ఏళ్ల తరబడి పెట్టినా మంచిది కాదు, వాడకపోయినా కండెన్సర్లు దెబ్బతింటాయి. నెలకోసారి ఓ గంట మోగించండి.

7. వాల్యూం, బటన్లు, డిస్‌ప్లే

వాల్యూం తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క కంట్రోల్ లోపలికి పడేలా కొట్టి, చివరి నుంచి చివరికి ముప్పై సార్లు తిప్పండి. ఆరాకే పవర్ ఇవ్వండి.

ట్యూనింగ్ గుండీ ఒక మెట్టు ముందుకు తిప్పితే రెండు మెట్లు వెనక్కి పోతోందా? అది రోటరీ ఎన్‌కోడర్ (గుండీ ఎటు, ఎన్ని మెట్లు తిరిగిందో చెప్పే భాగం) తప్పు. ముందు క్లీనర్‌తో ప్రయత్నించండి. రెండు నెలల్లో మళ్లీ మొదలైతే మార్చాల్సిందే. కాళ్లు ఎన్ని, ఇరుసు పొడవు ఎంత, నొక్కితే స్విచ్ పనిచేస్తుందా, ఈ మూడూ రాసుకోండి.

గట్టిగా నొక్కితే తప్ప పలకని బటన్ల కింద ఉండేది చిన్న ట్యాక్ట్ స్విచ్. కొలత ఎక్కువగా 6 గుణించు 6 మిల్లీమీటర్లు. చాలా చౌక. పోయిన ఒక్కటే కాదు, ఎక్కువ వాడే మూడు నాలుగూ ఒకేసారి మార్చండి.

డిస్‌ప్లేలో 8 బదులు 6 లాగా గీతలు మాయమైతే, గాజుకూ బోర్డుకూ మధ్య ఉండే చారల రబ్బరు పట్టీని తీసి ఆల్కహాల్‌తో తుడవండి. గాజు అంచునూ, బోర్డు మీది బంగారు రంగు పట్టీలనూ కూడా తుడిచి, వేలు తగలకుండా తిరిగి పెట్టండి. రబ్బరు బదులు అతికించిన ప్లాస్టిక్ రిబ్బన్ ఉంటే పని నమ్మకంగా కుదరదు. గాజులో నల్లటి సిరా మరకలా పాకితే డిస్‌ప్లే పోయినట్టే.

పైన మెత్తటి రబ్బరు పూత జిగటగా మారి చేతికి అంటుకుంటోందా? ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఓపిగ్గా రుద్దితే మొత్తం ఊడి, కింద గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది.

స్పీకర్ పరీక్ష: తీగ ఒకటి ఊడదీసి, ఒకటిన్నర వోల్టు సెల్‌తో క్షణం తాకించండి. "టక్" మంటే బతికే ఉంది. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్లో ఓ 7 చూపిస్తుంది, అది మామూలే.

8. శబ్దం ఉంది, స్టేషన్లు లేవు

ఎఫ్ఎం రాక మీడియం వేవ్ వస్తుంటే: లాగుడు యాంటెన్నా మొదట్లో స్క్రూ వదులయింది, లేదా దాని తీగ తెగింది.

మీడియం వేవ్ రాక ఎఫ్ఎం వస్తుంటే: లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దానికి చుట్టిన తీగ చూడండి. మీడియం వేవ్ యాంటెన్నా అదే. సెట్టు ఎప్పుడైనా కింద పడి ఉంటే ఆ తీగ బోర్డు దగ్గర తెగి ఉంటుంది. వెంట్రుకంత సన్నటి పోగులు చాలా కలిపి పేనిన తీగ అది. ఒక్క పోగు అతికితే చాలదు. ప్రతి పోగు మీది పూతా వదిలి, అన్నింటికీ సోల్డర్ పట్టాలి. కడ్డీ రెండు ముక్కలైతే, ముక్కలు సరిగ్గా కూర్చి సూపర్ గ్లూతో అతికించండి. స్టేషన్లు కాస్త బలహీనంగానైనా వస్తాయి.

పవర్ సరిగ్గానే ఉండి రెండూ రాకపోతే చిప్పే పోయి ఉండొచ్చు, అక్కడ ఆగండి.

9. ఎస్‌పీ రోడ్డుకు బయల్దేరే ముందు

కేఆర్ మార్కెట్ మెట్రోలో దిగితే నడిచే దూరం. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. కన్నడ, హిందీ, తమిళం, తెలుగు అన్నీ నడుస్తాయి, కానీ బేరం కన్నా నమూనా ముఖ్యం.

- పాత భాగం ఊడదీసి చిన్న కవర్లో పట్టుకెళ్లండి
- బోర్డు రెండువైపులా ఫొటోలు
- మోడల్ నంబర్, అడాప్టర్ వివరాలు
- కండెన్సర్ల పట్టిక: విలువ, వోల్టు, ఎత్తు, లావు

మెకానిక్‌కే ఇస్తే, పని మొదలుపెట్టేముందే అంచనా అడగండి, తీసేసిన పాత భాగాలు తిరిగి ఇమ్మనండి. "మొత్తం బోర్డు మార్చాలి" అన్న మాట విన్నాక రెండో మనిషికి చూపించకుండా ఒప్పుకోకండి. నగరంలో 2015 నుంచి రిపేర్ కేఫ్ వాళ్లు జరిపే శిబిరాల్లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల పక్కన కూర్చుని మీరే చేసుకోవచ్చు. మొదటిసారి విప్పేవాళ్లకు అదే మంచి చోటు. చెన్నైలో ఉన్నవాళ్లకు ఇదే సరుకు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. అక్కడి ఉప్పుగాలికి చిలుము త్వరగా పడుతుంది కాబట్టి ఐదో మెట్టును ఏడాదికోసారి చేసుకోండి.

10. బాగుచేయాలా, మార్చాలా

బాగుచేయండి: సెల్ పెట్టె, అడాప్టర్, కండెన్సర్లు, వాల్యూం, బటన్లు, యాంటెన్నా, స్పీకర్, తెగిన తీగ.

మార్చేయండి: రేడియో చిప్పు, ప్రాసెసర్, డిస్‌ప్లే గాజు పోయినవి; సెల్ రసం పాకి రాగి గీతలు చాలాచోట్ల తెగినవి; సేవ ఆగిన ఇంటర్నెట్ రేడియో.

డబ్బు విషయంలో నేను పెట్టుకున్న హద్దు, కొత్త సెట్టు ధరలో సగం. అంతకు మించితే వద్దంటాను. అయితే అది పోయినవాళ్ల చేతి వస్తువైతే ఈ లెక్క పక్కన పెట్టేయండి. నేనూ పెట్టేశాను.

11. కొత్తది కొనేటప్పుడు

- మీడియం వేవ్ ఉందా? ఇప్పటి బ్లూటూత్ స్పీకర్లలో చాలావాటికి ఎఫ్ఎం ఒక్కటే ఉంటుంది.
- 9 కిలోహెర్ట్జ్ సెట్టింగ్ ఉందా?
- బ్యాటరీ మనమే తీసి మార్చుకునేలా ఉందా? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. లిథియం సెల్ కొన్ని వందల చార్జింగ్‌లకే నీరసిస్తుంది. సీల్ చేసిన సెట్టు దానితోపాటే పోతుంది.
- మామూలు యూఎస్‌బీ చార్జర్‌తో నడుస్తుందా?

షాపు లోపల మీడియం వేవ్ పరీక్షించి నిరాశపడకండి, చుట్టూ లైట్లూ చార్జర్లే. బయటికొచ్చి 612లో బెంగళూరు వినండి. తిరిగిచ్చే గడువులోపు, చీకటి పడ్డాక ఇంట్లో 738, 837, 900 పట్టి చూడండి.

తెలుగు స్టేషన్ వినడమే కావాలి, సెట్టు మీద మమకారం లేదు అనుకుంటే ఆకాశవాణి స్టేషన్లు వినిపించే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ చాలు.

12. పాతదాన్ని పంపేయడం

ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం (2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి) పాత సరుకును రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. పొడి చెత్తలో వేయకండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కో, వాళ్ల సేకరణ కేంద్రానికో ఇవ్వండి. లిథియం బ్యాటరీ వేరుగా తీసి, రెండు కొసలకూ టేపు చుట్టి ఇవ్వాలి.

ఇచ్చేముందు స్పీకర్, లాగుడు యాంటెన్నా, ఫెర్రైట్ కడ్డీ, గుండీలు, స్క్రూలు విప్పి డబ్బాలో వేసి, డబ్బా మీద మోడల్ నంబర్ రాసుకోండి. అదే మోడల్ ఇంకో ఇంట్లో మొరాయించినప్పుడు షాపుల్లో దొరకని భాగం ఆ డబ్బాలోనే ఉంటుంది.